ముట్టుకోవద్దన్న మూడు మళ్ళు

కొత్తగూడ చౌరస్తా దాటి లోపలికి వస్తే, రెండు అద్దాల మేడల మధ్య మా మధుసూదన్ సారు వాళ్ళ జాగా ఒకటి చాలాకాలం ఖాళీగా పడి ఉండేది. అన్నదమ్ముల పిల్లలకు పొత్తు కుదరక అక్కడ మేడ లేవలేదు. మేడ లేవని చోట కలుపు లేస్తుంది కదా, వయ్యారిభామ నడుములోతు పెరిగి కుక్కలు అందులో కాపురాలు పెట్టాయి. నేను చెప్పబోయేది ఆ జాగాలో పనిచేసిన లచ్చమ్మ గురించి. చెప్పడం మొదలుపెట్టాను గానీ, జరిగిందాంట్లో ఎవరిది తప్పో, అసలు తప్పంటూ ఉందో లేదో నాకు ఈరోజుకీ తేలలేదు.

నా పేరు రామాంజనేయులు. మాది అనంతపురం జిల్లా. మధుసూదన్ సారు ఆఫీసులో నాది అడ్మిన్ ఉద్యోగం. అంటే వేరే ఎవరి పనీ కానిదంతా నా పని. కుళాయి కారినా నేనే, లిఫ్టు ఆగినా నేనే, చివరికి వ్యవసాయమూ నా నెత్తినే పడింది. వేరుశనగ పొలం వదిలేసి పట్నం వచ్చినవాణ్ణి, ఇక్కడ ఏసీ గదిలో కూర్చొని వానెప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూడాల్సి వచ్చింది. తప్పించుకోలేనిది తరుముకుంటూ వస్తుందని మా నాయన ఊరికే అనేవాడు కాదు.

సారు కర్నూలు మనిషి. ప్లాట్ల వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసి, ఏ స్నేహితుడు చెప్పాడో ఏమో, జిగురు వ్యాపారంలో దిగాడు. అమెరికా మెట్ట నేలల్లో ఒక మొక్క ఉందట. పసుపు పూలు పూస్తుంది. ఆ మొగ్గల నుంచీ ఆకుల నుంచీ జిగురు ఊరుతుంది. పైన్ చెట్ల నుంచి తీసే గుగ్గిలానికి బదులు దాన్ని రంగుల్లో, సిరాల్లో వాడుకోవచ్చట. దాని పేరు గ్రిండీలియా. మా ఆఫీసులో ఆ పేరు తిన్నగా పలికినవాళ్ళు లేరు. లచ్చమ్మ ఒకసారి మొగ్గను నలిపి, వేళ్ళు అతుక్కుపోతే నవ్వి "బంకచెట్టు" అంది. అప్పటినుంచి సారు కూడా బంకచెట్టే అంటున్నాడు.

ఖాళీ జాగాలో పొక్లెయిన్‌తో రాళ్ళు తీయించి, ఎర్రమట్టి పోయించి, బంకచెట్టు నాట్లు వేశాం. ఇంత ఖరీదైన జాగాలో సేద్యమేమిటని పక్క మేడల వాళ్ళు కాఫీ కప్పులు పట్టుకొని కిటికీల్లోంచి చూసేవాళ్ళు. నాకూ అదే సందేహం. కానీ నన్నెవరూ అడగలేదు.

లచ్చమ్మది పాలమూరు వైపు ఒక పల్లె. భర్త లింగయ్యతో కలిసి మేడలు కట్టే పనికి వచ్చింది. చేను పక్కనే మా ఆఫీసున్న ఎత్తైన మేడకు కాంక్రీటు మోసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. లింగయ్య జబ్బుచేసి దవాఖానలో పోయాక, ఆ మేడలోనే నేల తుడిచే పనికి కుదిరింది. కూతురు రజిత అప్పటికే అక్కడ పనిచేస్తోంది. కొడుకు సంతోష్ బాచుపల్లిలో కాలేజీ చదివి, ఇప్పుడు ఇంకో అద్దాల మేడలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. హఫీజ్‌పేట్‌లో గది కిరాయికి తీసుకొని వేరే ఉంటాడు. లచ్చమ్మ నోటెంట రోజుకు పదిసార్లు సంతోష్ పేరు వచ్చేది. రజిత పేరు వచ్చేది కాదు. తల్లీ కూతుళ్ళు ఒకే అంతస్తులో తుడుస్తూ కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పని చేసుకుపోయేవాళ్ళు. నేను అదేదో ఇంటి గొడవ అనుకొని ఊరుకున్నాను.

బాత్రూములు కడిగే యాసిడ్ పడక లచ్చమ్మ చేతులు పొట్టు లేచి పచ్చిపుండ్లయ్యాయి. సారు చేలో మనిషి కావలసి వచ్చినప్పుడు నేను ఆమెను పంపాను. మట్టిలో పడ్డ నెల తిరక్కుండా చేతులు మానాయి. చేతులే కాదు, మనిషే మారిపోయింది. అంతకు ముందు గోడను పట్టుకొని నడిచే మనిషి, చేలోకి దిగాక గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. నన్ను వేళాకోళం కూడా చేసేది.

"సారూ, మీరు రైతుబిడ్డనని చెప్తరు గని, గట్టు మీద బూట్లేసుకొని నిలవడుతరు. నేల కరుస్తదా ఏంది?"

నేను బూట్లు విప్పితే ఆఫీసు మెట్లెక్కనివ్వరని చెప్పినా ఆమె నమ్మలేదు.

ఇక అశ్విని. పంటల శాస్త్రం చదివిన పిల్ల, మావి పక్కపక్క తాలూకాలే. చేనంతా ఆమె చేతిమీదే నడుస్తుంది. లచ్చమ్మ ఆమెను ముందు మేడమ్ అని, రెండో వారానికి బిడ్డా అని పిలిచింది. బంకచెట్టుకు చిన్నప్పుడు ఎదుగుదల తక్కువ. అది నాలుగు ఆకులు వేసేలోపు తుంగ, గునుగు, వయ్యారిభామ దాన్ని మింగేస్తాయి. చేతితో ఎన్నని పీకుతారు? గడ్డిమందు కొట్టాలి. కానీ ఈ పంట మన దగ్గర కొత్తది. ఏ మందుకు తట్టుకుంటుందో, ఏ మందుకు మాడిపోతుందో చెప్పేవాళ్ళు లేరు. పాము చావాలి, కర్ర విరగకూడదు. అది తెలుసుకోవడానికి అశ్విని చేనును చిన్నచిన్న మళ్ళుగా కట్టించి, ఒక్కో మడిలో ఒక్కో మందు కొట్టించింది. కొన్నింట్లో కలుపుతో పాటు మన మొక్కలూ సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. కొన్నింట్లో ఆకులు ముడుచుకొని, వారం పోయాక మళ్ళీ విచ్చుకున్నాయి. కొన్నింట్లో కలుపు పోయి మొక్కలు నిక్షేపంగా నిలిచాయి.

మూడు మళ్ళలో మాత్రం ఏ మందూ కొట్టలేదు. మందు కొట్టించిన రోజే, ముక్కుకు గుడ్డ కట్టుకొని చేతిలో సీసా పట్టుకొని, అశ్విని లచ్చమ్మతో చెప్పింది.

"అవ్వా, ఆ మూడు మళ్ళు ముట్టుకోవద్దు. అస్సలు చెయ్యి పెట్టొద్దు."

లచ్చమ్మ తల ఊపింది. నేనూ పక్కనే ఉన్నాను. ఎందుకు ముట్టుకోకూడదో ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. విషం సీసా పట్టుకున్న మనిషి ముట్టుకోవద్దంటే ఎవరు మాత్రం ఎందుకని అడుగుతారు?

శ్రావణంలో మధుసూదన్ సారు కబురు పెట్టాడు. జిగురు వ్యాపారంలో డబ్బు పెట్టే పెద్దమనిషి ఒకాయన చేను చూడటానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే చేను ఇంకో ఏడాది ఉంటుంది. నచ్చకపోతే తీసేసి కార్ల పార్కింగ్ చేస్తారు. ఈ మాట నేను లచ్చమ్మతో అన్నాను. ఆమె కొడవలి కింద పెట్టి తన చేతులవంక చూసుకుంది.

"అంటే మల్ల నన్ను లోపట తుడవనీకె తోలుతరా సారూ?"

"నచ్చుతుందిలే లచ్చమ్మా, ఫికర్ పడొద్దు" అన్నాను.

ఫికర్ పడొద్దంటే పడకుండా ఉన్నవాళ్ళను నేను చూడలేదు. అదే వారం అశ్విని చుట్టాల పెళ్ళికి ధర్మవరం వెళ్ళింది. లచ్చమ్మ ఒక్కతే చేలో మిగిలింది.

ఆమెకు కనబడింది ఇదీ. చేనంతా శుభ్రంగా ఉంది, మూడు మళ్ళలో తప్ప. వాటిలో కలుపు కాదు, అడవి పెరిగింది. గునుగు మోకాలు దాటింది. బంకచెట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. వాటిల్లో కూడా మందు కొట్టారనీ, అది పట్టలేదనీ ఆమె అనుకుంది. పెద్దమనిషి వస్తాడు, ఈ మూడు మళ్ళూ చూస్తాడు, అశ్వినిని అందరి ముందూ తిడతాడు, చేను తీసేస్తారు. వానలు దంచి కొట్టాయి కాబట్టి మందు విషం ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది, ఇప్పుడు ముడితే ఏమీ కాదు. చుట్టాలొస్తున్నారంటే ఎవరైనా ఇల్లు ఊడ్చుకుంటారు. లచ్చమ్మ మూడు మళ్ళూ వేర్లతో సహా పీకి, మట్టి గుల్లచేసి, పీకిన గడ్డిని రోడ్డవతల గేదెలాయనకు ఎత్తించింది.

పెద్దమనిషి వచ్చే ముందురోజు సాయంత్రం అశ్విని ఊరినుంచి వచ్చింది. బ్యాగు భుజాన ఉండగానే చేలోకి దిగింది. మూడు మళ్ళ దగ్గర ఆగి, తిరిగి గేటు దగ్గరకు వెళ్ళి, మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. వేరే చేలోకి వచ్చానేమో అనుకుందట.

"రామాంజనేయులన్నా, నా కలుపు ఏమాయె?"

నాకేమీ అర్థం కాలేదు. కలుపు పోతే ఏడ్చే మనిషిని అంతవరకూ నేను చూడలేదు. ఆ పిల్ల కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. లచ్చమ్మ నవ్వు ముఖంతో ఎదురొచ్చింది, మెచ్చుకుంటారని.

"నేనే బిడ్డా. మంచిగ చేసిన. ఒక్క పోచ గూడ ఇడువలే."

"ఎందుకు పీకినావవ్వా? ముట్టుకోవద్దని చెప్పింటి కదా!" అశ్విని గొంతు లేచింది. "అవి అట్లే ఉండాల. ఏమీ చేయకుంటే కలుపు మన పంటను ఎంత తింటుందో వాటిని చూస్తేనే కదా తెలిసేది! అవి లేకుంటే మందు మేలు చేసిందని దేన్ని చూసి చెప్పాల? ఈ కారు పంటంతా పోయినట్టే!"

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటే ఇదే. లచ్చమ్మ వెనక్కి తిరిగి ఖాళీ మళ్ళవంక చూసింది. ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. గడ్డి కావాలి, తాను లేకుండా చేసింది, దానివల్ల చేను పోతుంది. అంతవరకు పట్టుకున్నట్టుంది.

మర్నాడు పొద్దున నేను గేటు తీసేసరికి, మూడు మళ్ళలో కలుపు ఉంది.

నేను కళ్ళు నులుముకున్నాను. గునుగు, తుంగ, వయ్యారిభామ అన్నీ ఉన్నాయి. వెనకాలే అశ్విని వచ్చింది. చూసి నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నిన్న మనం చూసింది నిజమేనా?"

"నిజమే అనుకుంటున్నానమ్మా. ఇప్పుడు చూస్తున్నదే నిజమో కాదో తెలియడం లేదు."

మాకు ఆలోచించే సమయం దొరకలేదు. సారు కారు వచ్చి ఆగింది. వచ్చిన పెద్దమనిషి తెల్ల చొక్కా వేసుకున్న ముసలాయన. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒక్కో మడి దగ్గరా నిలబడి, ఏ మందుకు ఏమైందో అశ్వినిని అడుగుతూ వచ్చాడు. తెల్లబడ్డ మొక్కలు చూసి పెదవి విరిచాడు, నిలిచినవి చూసి తలాడించాడు. చివరికి మూడు మళ్ళ దగ్గరకు వచ్చాడు.  తర్వాత గట్టు మీద గొంతు కూర్చొని, ఒక కన్ను మూసి, సాలు వెంట చూశాడు.

"ఏం మధుసూదనూ, మీ దగ్గర కలుపు సాళ్ళు పెట్టి మొలుస్తుందా?"

అప్పుడు చూశాం అందరం. గునుగు మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు ఎడం. దారం పట్టినట్టు తిన్నని వరసలు. ఒక్కో మొదట్లో దోసెడు నీళ్ళు పోసిన తడి. ఎండ ఎక్కేకొద్దీ వయ్యారిభామలన్నీ ఒకేసారి తలలు వాలుస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నాట్లు వేసిన చేతులు. గడ్డి నాటినా సాలు తప్పలేదు.

సారు నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక నావైపు చూశాడు. నేను అశ్విని వైపు చూశాను. అశ్విని ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. ఆ క్షణంలో చెప్పాలనే నేను కోరుకున్నాను. ఆ పిల్ల చెమట తుడుచుకొని, జరిగిందంతా జరిగినట్టు చెప్పింది. లచ్చమ్మ పేరు మాత్రం ఎత్తలేదు. పొరపాటున పీకేశారంది.

లచ్చమ్మ గట్టు అవతలినుంచి తానే ముందుకొచ్చింది. చేతులకు ఇంకా మట్టి ఉంది.

"ఆ పిల్లననకుండ్రి సారూ. పీకింది నేనే, నాటింది నేనే. పొద్దుగాల పక్క జాగలకెల్లి మట్టిపెళ్ళతోని తవ్వుకొచ్చిన. నాల్గు దినాలు నీళ్ళు వోస్తే మంచిగ నాటుకుంటయ్. నాదీ పూచీ."

"కలుపు లేకుంటే మంచిదే కదబ్బా?" అన్నాడు మధుసూదన్ సారు. "ఉంటే నష్టమంటారు, పీకితే నష్టమంటారు, నాటినా నష్టమంటారు. నాకేమీ తెలీడంల్యా."

ముసలాయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఆయన నవ్వుతున్నాడని కొంచెంసేపటికి గానీ మాకు తెలియలేదు. అబద్ధం చెప్పని పిల్ల ఉంది కాబట్టి ఇంకో పంట చూద్దామన్నాడు. చలికాలం పంటగా మళ్ళీ వేయండి, ఈసారి ఆ మూడు మళ్ళను కాపాడుకోండి అని కారెక్కాడు. చేను నిలబడింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. లచ్చమ్మ చేతులు ఇక మట్టిలోనే ఉంటాయని సంతోషించాను.

కార్తీకంలో మళ్ళీ నాట్లు వేశాం. అశ్విని పట్టుబట్టి లచ్చమ్మనే ఉంచుకుంది. ఆ మూడు మళ్ళకు ఆమెనే కాపలా పెట్టింది. ఈసారి కింద కూర్చోబెట్టి, ఆ మళ్ళెందుకో కొసదాకా వివరంగా చెప్పింది. లచ్చమ్మ చాలాసేపు విన్నది.

"అయితే బిడ్డా, గడ్డి కమ్ముకొని ఈ చెట్లు సచ్చిపోతున్నా, సూసుకుంట ఊకోవాల్నా?"

"అవునవ్వా. అవి ఎంత కుంగిపోతే, చూసుకున్నవి ఎంత ఎదిగినాయో అంత బాగా తెలుస్తుంది."

 లచ్చమ్మ రెండు వారాలు ఆ గట్టు మీద కూర్చుంది. గునుగు మొలిచింది. తుంగ మొలిచింది. ఆమె చేతులు చీర కొంగులో చుట్టుకొని కూర్చునేది. ఒకరోజు నా దగ్గరకు వచ్చింది.

"సారూ, నన్ను మల్ల లోపటి పనిల ఎయ్యుండ్రి."

నాకు కోపం వచ్చింది. "నీకేమన్నా పిచ్చా లచ్చమ్మా? ఆ యాసిడ్‌తో చేతులు ఊడిపోతాయి. ఈ చేను కోసమే కదా అంత తిప్పలు పడ్డావు! పైగా ఇప్పుడు కూర్చునే పని, ఇంత తేలిక పని ఎవరికి దొరుకుతుంది?"

"గదే సారూ. గా కూసునే పనే నాతోని అయితలేదు."

ఆమె గోడకు ఆనుకొని కింద కూర్చుంది. నేను కుర్చీ చూపించినా ఎక్కలేదు.

"మాకు ఇద్దరు పిల్లలు గదా. ఇద్దర్నీ సదివిచ్చే తాకత్ మాకు లేకుండె. సంతోష్‌గాన్ని సూసుకున్నం. వానికి పాలు, వానికి ఫీజు, వానికి అంగీలు. రజితను ఇడిచిపెట్టినం. బడి మాన్పిచ్చి కంకర కాడికి తీస్కవోయినం. దానికి ఏం జెయ్యలే సారూ. ఇయ్యాల వాణ్ణి సూసి అందరు అంటరు, లచ్చమ్మ కొడుకు ఎంత ఎదిగిండో అని. ఎట్ల ఎరుకైతది? పక్కన అది ఉన్నది గాబట్టే గదా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఒక్కపారి చేసిన. గప్పుడు నాకు ఎరుక లేదు. ఇప్పుడు ఆ పిల్ల మంచిగ ఎరుక చేసింది. మల్ల ఆ మళ్ళ ముంగట కూసోమంటే నాతోని గాదు."

 మళ్ళు వేరు, మనుషులు వేరు అని చెబుదామనుకున్నాను. అశ్విని చేసేది తప్పు కాదు, అలా చేయకపోతే ఏమీ తెలియదు అని కూడా చెబుదామనుకున్నాను. రెండూ నిజమే. ఆమె చెప్పిందీ నిజమే. ఇన్ని నిజాల మధ్య నాకు తల తోక తెలియక, సరే అన్నాను.

ఇప్పుడు ఆ గట్టు మీద ఇంకొకరు కూర్చుంటున్నారు. ఫోను చూసుకుంటూ హాయిగా కూర్చుంటారు. మూడు మళ్ళలో గునుగు ఏపుగా ఉంది. బంకచెట్లు అడుగున ఎక్కడో ఉన్నాయి. ఈసారి పోలిక చాలా బాగా వచ్చిందని అశ్విని అంటోంది.

లచ్చమ్మ తిరిగి పనిలో చేరిన మొదటిరోజు నేను లిఫ్టు చూడటానికి పై అంతస్తుకు వెళ్ళాను. ఆమె యాసిడ్ బకెట్ ఎత్తుకొని బాత్రూము వైపు పోతోంది. ఎదురుగా రజిత వచ్చింది. ఆగి తల్లి చేతులవంక చూసింది. నిన్నమొన్నటిదాకా మట్టిలో ఉన్న ఆ చేతులు బాగా మాని ఉన్నాయి.  రజిత బకెట్ తాను తీసుకొని, తన దగ్గరున్న పొడిగుడ్డ తల్లి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.